సూది జీవితాంతం అని చెప్పి మాట వెనక్కి తీసుకున్న కేసు

ఈ కేసు రాద్దామని రెండేండ్ల సంది అనుకుంటున్న. ఒకటి పేషంట్ ఒప్పుకోవాలె, ఇంకోటి నేనే తప్పు చెప్పిన కేసు కాబట్టి చెయ్యి సాగలె. మొన్న వచ్చినప్పుడు అడిగితే "రాయుండ్రి సార్, నా పేరు మాత్రం వద్దు" అన్నడు. పేరు, ఊరు, ఇంటి వివరాలు తీసేసిన, వయసు కొంచెం అటిటు చేసిన, టెస్టుల నంబర్లు మాత్రం ఫైల్ల ఉన్నట్టే పెడుతున్న. నాది మహబూబ్‌నగర్ టౌన్ల చిన్న నర్సింగ్ హోమ్, ఓపీల సగం మంది షుగర్ పేషంట్లే, మందు రాయుడు అలవాటైపోయి ఆలోచించుడు తగ్గిన టైంల వచ్చిన కేసు ఇది.

ఎవరు, ఎట్ల వచ్చిండు

ఇరవై దాటి ముప్పై లోపు పిలగాడు. కర్ణాటక బార్డర్ దిక్కు ఊరు. పాలమూరోళ్లకు తెలిసిన కథే, ఆరేడు నెలలు గుంపు మేస్త్రీ వెంబడి పూణే పోవుడు, సెంట్రింగ్ పని చేసుడు, వానలు పడంగనే ఊరికొచ్చి ఉన్న రెండెకరాలు చూసుకునుడు. తల్లికి షుగర్ ఉంది, గోలీలు మింగుతది. తండ్రి చిన్నప్పుడే పోయిండు, ఆ దిక్కు సంగతి ఎవరికీ ఎరుక లేదు.

ఆ ఏడు ఎండకాలం పూణేలనే ఉన్నడు, ఏప్రిల్‌ల దూప మొదలైంది. నీళ్లు ఎన్ని తాగినా ఆగుతలేదని కూల్‌డ్రింకులు పట్టిండు, మొదట్ల రోజుకొక చిన్న బాటిల్, తర్వాత దోస్తుతోని కలిసి రెండు లీటర్ల బాటిల్, ఆఖరికి ఆ రెండు లీటర్లు ఈయనొక్కడే. వాటిల 100 ఎంఎల్‌కు 10-11 గ్రాముల చక్కెర ఉంటది, అంటే అన్నం, రొట్టె కాకుండ ఉత్త తాగుడు మీదనే రోజుకు 200 గ్రాములు. చక్కెర పెరిగితే దూప, దూపకు మళ్ల చక్కెర నీళ్లు. రెండు నెలలల్ల 84 కిలోల మనిషి 70కి వచ్చిండు, సైట్ల అందరు ఎండకు బక్కగైండు అనుకున్నరు.

ఊరికొచ్చినంక నీరసం అని ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఆయన బలానికని రెండు బాటిళ్లు ఎక్కించిండు, గ్లూకోజ్ కలిసిన సెలైన్. తెల్లారి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఆటోల పండవెట్టుకొని తెచ్చిండ్రు, స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడే నోట్లకెళ్లి పండ్లు మురిగిన వాసన. షుగర్ 512, యూరిన్‌ల కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒంట్ల కొవ్వు కాలితే పుట్టే ఆమ్లాలు) మూడు ప్లస్, పీహెచ్ 7.22, బైకార్బనేట్ 12, అంటే రక్తం ఆమ్లం దిక్కు పోయింది, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 13.2. ట్రీట్‌మెంట్ అందరికి తెలిసిందే, సెలైన్, పొటాషియం చూసుకుంట ఇన్సులిన్ డ్రిప్. రెండో రోజు రాత్రికి కీటోన్లు తగ్గినయి, మూడో రోజు పొద్దున ఇడ్లీ తిన్నడు.

నేనేం అనుకున్న

నాలుగో రోజు సీ-పెప్టైడ్ పంపిన. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, ప్యాంక్రియాస్‌ల బీటా సెల్ ముందు ప్రోఇన్సులిన్ అనే పెద్ద ముక్క తయారు చేస్తది, దాన్ని కోస్తే ఒక ఇన్సులిన్, ఒక సీ-పెప్టైడ్ వస్తయి, సమానంగ. బయటికెళ్లి పొడిచే ఇన్సులిన్‌ల సీ-పెప్టైడ్ ఉండది, కాబట్టి పేషంట్ సూది మీద ఉన్నా సరే సొంత ఉత్పత్తి ఎంతో దీంతోని తెలుస్తది. రిజల్టు 0.4 వచ్చింది, అప్పుడు షుగర్ 268. అంత షుగర్ ఎదురుంగ ఉన్నప్పుడు బాగున్న బీటా సెల్ అయితే నాలుగో అయిదో చూపియ్యాలె. అదీగాక వయసు చిన్నది, మనిషి ఎండిపోయిండు, కీటోన్లొచ్చినయి. ఫైల్ అట్ట మీద ఎర్ర పెన్నుతోని టైప్ 1 అని రాసిన, అంటే ఒళ్లే తన బీటా సెల్స్‌ను చంపుకునే రకం షుగర్.

ఒళ్లు తన బీటా సెల్స్ మీద దాడి చేస్తున్నదా అని చూసే గ్యాడ్ యాంటీబాడీ టెస్టు హైదరాబాద్‌కు పంపాలె, అప్పటికే వాళ్లకు బిల్లు భారమైంది, రిజల్టు వస్తే ట్రీట్‌మెంట్ ఏం మారుతదిలే అని వదిలేసిన. అప్పుడు సబబే అనిపించింది.

కండ్ల ముందు ఉన్న ఇంకో సంగతి గూడ వదిలేసిన. పిలగాని మెడ వెనక నల్లగ, మందంగ, మఖ్మల్ గుడ్డ లెక్క చర్మం, చంకలల్ల గూడ అట్లనే. తల్లి "పీచు పెట్టి ఎంత రుద్దినా ఆ మురికి పోదు సారూ, పదో తరగతి సంది అట్లనే ఉంది" అన్నది కూడ. అది మురికి కాదు, ఒంట్ల ఇన్సులిన్ పనిచేస్తలేదని, దాన్ని దాటడానికి ఏండ్ల తరబడి ఎక్కువ ఎక్కువ ఇన్సులిన్ తయారైందని గుర్తు. అంటే ఈ ప్యాంక్రియాస్ నిన్న మొన్నటి దాక ఓవర్‌టైం చేసింది. కేస్ షీట్‌ల ఒక ముక్కల రాసి పేజీ తిప్పిన. రాసిన చెయ్యి నాదే, చదవని కండ్లూ నాయే.

డిశ్చార్జి రోజు తల్లిని కూసోబెట్టి చెప్పిన, అమ్మా, మీ పిలగానికి ఇన్సులిన్ తయారు చేసే సెల్స్ చచ్చిపోయినయి, సూది జీవితాంతం, ఒక్కరోజు గూడ మానొద్దు. రోజుకు నాలుగు పొడుపులు, మొత్తం 54 యూనిట్లు. ఇంట్ల ఫ్రిజ్ లేదు, మట్టి కుండల ఇసుక పోసి నీళ్లు చల్లి అండ్ల వయల్ ఎట్ల పెట్టాలెనో మా సిస్టర్ చూపించింది, ఎంఎల్‌కు 40 యూనిట్లుండే వయల్‌కు ఎర్ర మూత సిరంజీనే వాడాలె అని పదిసార్లు చెప్పింది. పదిహేను రోజులల్ల ఖాయమైన సంబంధం తప్పిపోయింది. పెండ్లిపిల్ల దిక్కోళ్లు నా దగ్గరికే వచ్చి అడిగిండ్రు "సూది నిజంగనే జిందగీ మొత్తమా సార్" అని. పేషంట్ సంగతి మీకు చెప్పరాదు అని పంపించిన గని ముఖం చూస్తే వాళ్లకు అర్థమైపోయింది.

లోలు

పంతొమ్మిదో రోజు తెల్లారగట్ల మూడింటికి చెమటలు, వణుకు, మీటర్‌ల 52. షుగర్ ఇట్ల పడిపోవుడునే మేము లో అంటం. తల్లి చక్కెర నీళ్లు తాపింది. పొద్దున వస్తే నేను క్లాస్ తీసుకున్న, రాత్రి అన్నం సరిగ తినలేదా, కల్లు ముట్టినవా, డోసు ఎక్కువ గుంజినవా అని. పాపం తలకాయ దించుకొని "లేదు సార్" అంటనే ఉన్నడు. పది శాతం తగ్గించి పంపిన. ఇరవై ఆరో రోజు పగటీలి పొలం కాడ 48.

అప్పుడు రెండో అంచనా వేసిన, హనీమూన్. టైప్ 1ల సూది మొదలుపెట్టినంక మిగిలిన కొన్ని సెల్స్ తేరుకొని కొన్ని నెలలు డోసు బాగ తగ్గుతది, మళ్ల పోతది. ఈ మాట దొరకంగనే నాకు నిమ్మళమైంది, ఎందుకంటే అట్ట మీద రాసింది మార్చే పని లేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే అదే పెద్ద తప్పు అనిపిస్తది, మొదటి తప్పు కన్నా. ఒకసారి పేరు పెట్టినంక వచ్చే ప్రతి కొత్త సంగతిని ఆ పేరు లోపటికే దూరుస్తం.

అయిదో వారం 40 యూనిట్లకొచ్చినం. పిలగాడు బతిమాలిండు "సార్ గోలీలతోని అయితదేమో చూడుండ్రి, సైట్ల సూది పట్టుకొని తిరుగుడు కాదు" అని. నా లెక్క ఏందంటే, సెల్స్ కొంచెం లేస్తున్నయి కదా, గ్లిమిపిరైడ్ అనే గోలీ ఒక ఎంజీతోని జర తోస్తే ఇంకా ఇస్తయేమో, ఆ మేరకు సూది తగ్గించొచ్చు. 26 యూనిట్లకు దించి గోలీ మొదలుపెట్టిన. వారం రోజుల చార్టు ఇంకా ఫైల్లనే ఉంది. పొద్దున జొన్నరొట్టె తిన్న రెండు గంటలకు 240, 252, 236. అన్నానికి ముందు 58, 61, 55. ప్రతి రోజు అదే వరుస, అవసరమైనప్పుడు ఇన్సులిన్ లేదు, అవసరం లేనప్పుడు ఉంది.

డోసు ఎక్కువ తక్కువల లెక్కతోని ఈ చార్టు అర్థం కాదు. డోసు తక్కువైతే రెండు రీడింగులూ ఎక్కువ రావాలె, ఎక్కువైతే రెండూ తక్కువ రావాలె. ఇక్కడ దెబ్బతిన్నది టైమింగు.

నేను ఆలోచించుకుంట ఉన్నంతల ఆయనకే ఓపిక అయిపోయింది. లోలు వస్తున్నయి కదా అంటే షుగర్ పోయినట్టే అని ఎవరో చెప్పిండ్రట, సూది, గోలీ రెండూ బంద్ పెట్టి ఆకు పసరు తాగిండు. ఎనిమిది రోజులకు 336, కీటోన్లు ఒక ప్లస్. ఇంకో రెండు రోజులైతే మళ్ల స్ట్రెచరే. నేను కోపం చెయ్యలేదు, ఎందుకంటే లో ఎందుకొస్తున్నదో నేను చెప్పని జాగల ఇంకొకరు చెప్పిండ్రు, అంతే.

లెక్క ఎక్కడ తప్పింది

ఆ రాత్రి ఫైల్ ముందటేసుకొని కూసున్న. నన్ను ఆపిన ప్రశ్న ఒక్కటే. సెల్స్ చచ్చిపోతే, మూడు వారాలల్ల ఇంత ఇన్సులిన్ ఎక్కడికెళ్లి వచ్చింది? కొత్త సెల్స్ పుట్టినయా అంటే కుదరది. మనిషిల బీటా సెల్స్ విభజన ఎక్కువగ పుట్టిన మొదటి కొన్నేండ్లల్లనే, పెద్దయినంక అది నామమాత్రం. పసిపిల్లగాడైతే అనుకోవచ్చు, ఇరవై దాటినోనికి ఇరవై రోజులల్ల కొత్త పంట రాదు. అంటే ఉన్న సెల్సే. ఉండి పనిచెయ్యలేదు, ఇప్పుడు చేస్తున్నయి, గని వంకర టింకరగ చేస్తున్నయి.

ఇక్కడ చదువుకున్నది అక్కరకొచ్చింది. 2012ల కొలంబియా యూనివర్సిటీ దొమెనికో అచిలీ టీమ్ ఎలుకల మీద చూపించింది, బీటా సెల్స్‌ల ఫాక్స్ఓ1 అనే ప్రోటీన్ తీసేసి స్ట్రెస్ పెడితే అవి చాలమట్టుకు చావలేదు, ఇన్సులిన్ చేసుడు బంద్ పెట్టి పెరిగిన దారిల వెనక్కి నడిచినయి, పిండంల ఉన్నప్పుడు మాత్రమే ఉండాల్సిన న్యూరోజెనిన్3 లాంటి గుర్తులు మళ్ల కనబడ్డయి. కొన్నయితే గ్లూకగాన్ చేసే సెల్స్ లెక్క మారినయి, అంటే షుగర్ తగ్గించేది పోయి పెంచేది తయారైంది. 2014ల సెయింట్ లూయిస్‌ల వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో రకం షుగర్ ఎలుకలల్ల ఇసొంటి వెనక్కిపోయిన సెల్స్ చూసిండ్రు, బయటికెళ్లి ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించితే అవే సెల్స్ మళ్ల ఇన్సులిన్ చేసినయి. మనుషులల్ల ఇది ఎంత మేరకు అనే దాని మీద కొట్లాట ఉంది, 2016లనే ఒక టీమ్ టైప్ 2 వాళ్లల్ల మూడో వంతు దాక వెనక్కిపోయిన సెల్స్ ఉన్నయంటే ఇంకో టీమ్ అది చిన్న భాగమే, అసలు నష్టం సెల్స్ చావుడే అన్నది. నా పేషంట్ ప్యాంక్రియాస్ నేను కోసి చూడలేదు, కాబట్టి ఆయన లోపట జరిగింది కచ్చితంగ ఇదే అని ఒట్టు పెట్టను. షుగర్ ఎక్కువై సెల్ మొద్దుబారుడు, లోపట దాచిన ఇన్సులిన్ సరుకు ఖాళీ అయిపోవుడు, వెనక్కి పోవుడు, మూడూ కలిసి ఉండొచ్చు. కానీ 0.4 అనే నంబర్ చావు సర్టిఫికెట్ కాదని మాత్రం తేలిపోయింది.

మరి ఆ వంకర చార్టు? దానికి జవాబు పసిపిల్లల బీటా సెల్ దగ్గర దొరికింది. అప్పుడే పుట్టిన ప్రాణిల బీటా సెల్ ఇన్సులిన్ చేస్తది గని షుగర్‌ను సరిగ లెక్కపెట్టరాదు. షుగర్ తక్కువున్నప్పుడు కారుతనే ఉంటది, ఎక్కువైనప్పుడు దానికి తగ్గట్టు పెంచరాదు. పెరుగుకుంట వచ్చేటప్పుడు కొన్ని జీన్లు మూతపడాలె, తక్కువ షుగర్‌కే ఎగిరే హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ తగ్గి, షుగర్ పెరిగితేనే కదిలే గ్లూకోకైనేజ్ పెత్తనం రావాలె, అప్పుడే అది షుగర్‌ను కొలిచే సెల్ అయితది. ఎలుకలల్ల ఈ ముదురుడుల ఒక పెద్ద మెట్టు తల్లిపాలు మానే టైంల వస్తదని 2015ల ఇజ్రాయెల్ సైంటిస్టులు చూపించిండ్రు, కొవ్వు ఎక్కువుండే పాల నుంచి గింజల తిండికి మారుడే దానికి సైగ అట. మనోళ్లు పిల్లగానికి అన్నం ముట్టించుడు పండుగలెక్క చేస్తరు కదా, ప్యాంక్రియాస్‌కు గూడ అది పండుగే అన్నట్టు.

నా పేషంట్ సెల్స్ గూడ ఇట్ల లేతగ మారినయి అనుకొని, ఇప్పుడు నేనిచ్చిన గోలీ సంగతి చూడుండ్రి. బాగున్న సెల్‌ల షుగర్ లోపటికొచ్చి కాలితే ఏటీపీ అనే శక్తి సరుకు పుడతది, ఆ ఏటీపీ పొటాషియం చానెల్ మూస్తది, అప్పుడు క్యాల్షియం లోపటికొచ్చి ఇన్సులిన్ బయటికి పోతది. గ్లిమిపిరైడ్ ముందు మెట్లన్ని దాటేసి సీదా పోయి ఆ చానెల్ మూస్తది, షుగర్ ఉందా లేదా అడగది. ఈ సెల్ జబ్బే షుగర్‌ను అడగకపోవుడు. అడగరాని సెల్‌కు అడగకుండ తోసే మందు ఇచ్చిన. రొట్టె తిన్నప్పుడు పెంచే దమ్ము దానికి లేదు, పగటీలి వరకు గోలీ మాత్రం గుంజుతనే ఉంది, దాని మీద సూది.

మళ్ల మొదటి నుంచి

గ్లిమిపిరైడ్ బంద్. ఇన్సులిన్ వెనక్కి పెంచిన, 36 యూనిట్లు. లోలు వచ్చిన మనిషికి సూది పెంచుడు ఏంది అని మా డ్యూటీ డాక్టర్ అడిగిండు, మంచి ప్రశ్నే. లోలు వచ్చింది 54 మీద, తర్వాత గోలీ కలిసినప్పుడు, ఇప్పుడేమో 336 ఉంది. ఈ సూది టార్గెట్ షుగర్ ఒక్కటే కాదు, సెల్స్‌కు సెలవియ్యాలె. లాన్సెట్ అనే మెడికల్ పత్రికల 2008ల వచ్చిన చైనా స్టడీ గుర్తుంది నాకు, కొత్తగ టైప్ 2 (ఎక్కువమందికి ఉండే, ఇన్సులిన్ సరిగ పనిచెయ్యని రకం) తేలిన 382 మందికి షుగర్ నార్మల్ చేసి రెండు వారాలు అట్లనే పట్టి మందు బంద్ పెట్టిండ్రు, ఏడాది తర్వాత మందు లేకుండ నార్మల్‌గ ఉన్నోళ్లు పంపు ఇన్సులిన్‌ల 51 శాతం, రోజు సూదులల్ల 45, గోలీలు ఇచ్చినోళ్లల్ల 27. వాళ్లకు కీటోన్లు లేవు, నా పేషంట్‌కు ఉన్నయి, ఉన్నదున్నట్టు అతికించలేను, కానీ దిక్కు దొరికింది.

దాంతోపాటు మెట్‌ఫార్మిన్ చిన్న డోసుతోని మొదలుపెట్టిన, కిడ్నీల టెస్టు క్రియాటినిన్ చూసినంకనే. మెడ మీద రాసి ఉన్న సమస్యకు, అంటే ఇన్సులిన్ పనిచెయ్యకపోవుడుకు, అది మందు. కూల్‌డ్రింకు పూర్తిగ బంద్. బరువు మళ్ల 84కి పోనియ్యొద్దు అని గట్టిగ అనుకున్నం, సూది మీద ఆకలై అప్పటికే 75కి వచ్చిండు. తల్లి బక్కగైండని నెయ్యి పోసి పెడుతుండె, ఆమెకు చెప్పుడే అన్నిటికన్నా కష్టమైంది. అమ్మా, ఈ బక్కతనం కొంత ఉండనియ్యి అంటే "నీ నోటికెళ్లి గిదేం మాట సారూ" అన్నది.

ఈసారి టెస్టులు గూడ వదలలె. గ్యాడ్, దాని లెక్కనే ఉండే ఐఏ-2 యాంటీబాడీలు రెండూ నెగెటివ్. పొట్ట స్కానింగ్‌ల ప్యాంక్రియాస్‌ల రాళ్లు లేవు, మన దగ్గర బక్క పిలగానికి షుగర్ అంటే రాళ్ల ప్యాంక్రియాస్ గూడ చూసుకోవాలె. సీ-పెప్టైడ్ మాత్రం వెంటనే పంపలె. షుగర్ 300 ఉన్నప్పుడు పంపితే మళ్ల అదే అబద్ధం చెప్తది. అయిదారు వారాలు పొద్దున షుగర్ 90-110ల ఆడినంక, మొదటి అడ్మిషన్ నుంచి లెక్కేస్తే పన్నెండో వారంల పంపిన. పరగడుపున షుగర్ 104, సీ-పెప్టైడ్ 1.9. తిన్న రెండు గంటలకు 4.6.

రిపోర్టు రెండుసార్లు చదివిన, పేరు వేరేవాళ్లదేమో అని ల్యాబ్‌కు ఫోన్ గూడ చేసిన.

అప్పటి నుంచి అయిదారు రోజులకొకసారి నాలుగు యూనిట్లు తగ్గించుకుంట పోయినం, పొద్దున షుగర్ 130 దాటితే అక్కడనే ఆగుడు, ముందు అన్నం పూట సూదులు తీసుడు, రాత్రిది ఆఖరికి. ఒక్కసారి 142 వస్తే పది రోజులు ఆగినం, ఆయనకు చిరాకొచ్చింది. పంతొమ్మిదో వారంల ఆఖరి సూది బంద్ అయింది. బరువు 71. ఎనిమిదో నెల హెచ్‌బీఏ1సీ 6.0, మెట్‌ఫార్మిన్ ఒక్కటే.

దీనికి పుస్తకాలల్ల పేరుంది, కీటోసిస్-ప్రోన్ డయాబెటిస్, అంటే కీటోన్లు ఎక్కే గుణమున్న షుగర్. యాంటీబాడీలు లేవు, బీటా సెల్ బలం ఉంది అనే గుంపు. ముందుగ ఆఫ్రికా మూలాలున్నోళ్లల్ల ఎక్కువ చూసిండ్రు, అందుకనే మన దగ్గర గుర్తుకు రాదు.

బోరు ముచ్చట

సూది ఎందుకు తీస్తున్ననో తల్లీకొడుకులకు చెప్పాలె. అంతకుముందు చచ్చిపోయినయి అన్నది నేనే, ఇప్పుడు లేచినయి అంటే ఎవరు నమ్ముతరు. సెల్స్ వెనక్కి పోయినయి, మళ్ల ముదిరినయి అని ఏదో చెప్తుంటే పిలగాడే మధ్యల అందుకున్నడు, "అంటే సార్ బోరు ఎండలె, స్టార్టర్ ట్రిప్ అయింది" అని. మా జిల్లాల బోరు ఎండుడంటే ఏందో ఎవరికీ చెప్పనక్కర లేదు. వోల్టేజ్ లేనప్పుడు మోటరు గుంజి గుంజి వేడెక్కితే కాలిపోకముందే స్టార్టర్ కొట్టేస్తది, చూసెటోళ్లు నీళ్లు రాలేదని బోరు ఎండింది అనుకుంటరు. చల్లారనిచ్చి మళ్ల వేస్తే పోస్తది. చల్లారకముందే మళ్ల మళ్ల బటన్ ఒత్తితే? "వైండింగ్ కాలిపోతది సార్." గ్లిమిపిరైడ్‌తోని నేను చేసిన పని అదే అని ఒప్పుకున్న. నవ్విండు.

ఇంకో ప్రశ్న అడిగిండు, అది నాకు ఇంకా నచ్చింది. "అన్ని సెల్స్ ఒక్కసారే పడుకున్నయా సార్?" లేదు. ప్యాంక్రియాస్‌ల పదిలక్షల దాక చిన్న చిన్న గుంపులుంటయి, ఐలెట్స్ అంటరు, ఒక్కో గుంపుల ఉన్న బీటా సెల్స్ అన్ని ఒకే తీరు ఉండయి. 2016 ఒక్క సంవత్సరంలనే మూడు పేపర్లు వచ్చినయి దీని మీద. మనుషుల ఐలెట్స్‌ల పైన ఉండే గుర్తులను బట్టి నాలుగు రకాల బీటా సెల్స్ ఉన్నయని, షుగరోళ్లల్ల ఆ పాళ్లు మారుతయని ఒకటి. ఎలుకలల్ల ముదిరిన సెల్స్, ఇంకా పెరిగే దమ్మున్న లేత సెల్స్ వేరు వేరు అని ఒకటి. కొన్ని సెల్స్ మిగతా గుంపును నడిపిస్తయని, వాటిని లైట్‌తోని ఆపితే గుంపు మొత్తం తాళం తప్పుతదని ఇంకోటి, ఈ మూడోదాని మీద ఇప్పటికీ వాదన నడుస్తనే ఉంది. ఆయనకు నేను చెప్పింది ఇంతే, తమ్మీ, మీ గుంపుల మేస్త్రీ ఉంటడు, పాత పనోళ్లుంటరు, మొన్న బస్సెక్కిన పోరలుంటరు, అట్లనే. కొందరు అలసి పండుకున్నరు, కొందరు ఊరికి పోయిండ్రు, కొందరు నిజంగనే పోయిండ్రు. "పోయినోళ్లు రారు గద సార్" అన్నడు. రారు. ఎంత మంది పోయిండ్రో నాకు తెల్వది అని చెప్పిన, ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది.

ఇప్పుడు నేను చేసేది

మొదటి అడ్మిషన్‌ల సీ-పెప్టైడ్ పంపుడు దాదాపు మానేసిన, పంపినా అట్ట మీద రాయను. షుగర్ కనీసం కొన్ని వారాలు దారిల పడ్డంకనే పంపుత, పక్కన అప్పటి షుగర్ నంబర్ లేకుండ ఆ రిపోర్టు చూడను. కుర్ర వయసు, కీటోన్లు అంటే యాంటీబాడీలు పంపాలె, పైసలు తక్కువుంటే గ్యాడ్ ఒక్కటన్నా. అట్ట మీద ఇప్పుడు "షుగర్, రకం తేలాలె" అని రాస్త, సిస్టర్లు నవ్వుతరు. సూది మాత్రం మొదట్ల అందరికి ఒక్కటే, రకం తెల్వదని ఆపేది లేదు, నెగెటివ్ వచ్చినా తొందరపడి తీసేది లేదు, ఎందుకంటే నిజం టైప్ 1 అయితే సూది తీసుడు ప్రాణం మీదికొస్తది. యాంటీబాడీ నెగెటివ్ వచ్చిన టైప్ 1 గూడ ఉంటది, అందుకే దించేటప్పుడు ఇంట్ల కీటోన్ స్ట్రిప్స్ ఉండాలె. ఇసొంటోళ్లకు ఎస్‌జీఎల్‌టీ2 గోలీలు నేను రాయను. మూత్రంల చక్కెర పంపే ఈ మందులతోని షుగర్ మామూలుగ కనబడుకుంటనే కీటోన్లు ఎక్కొచ్చు, ఒకసారి కీటోన్లతోని పడ్డోనికి ఆ జూదం నేనాడను. ఇంక మెడ చూస్త, చూసి ఆలోచిస్త.

ఈయన కథ సుఖాంతం అని గూడ రాయలేను. ఇసొంటోళ్లల్ల చాలమందికి కొన్నేండ్లకు మళ్ల తిరగబెడుతది. పోయిన ఏడు పూణేల ఓవర్‌టైం పడి, రాత్రి తిండి హోటల్ది అయి 77కి వచ్చిండు, పొద్దున షుగర్ 168, హెచ్‌బీఏ1సీ 7.4. కీటోన్లు లేవు. ఫోన్ల వీడియో చూపిస్తే వెనక అదే రెండు లీటర్ల బాటిల్ కనబడ్డది, "నాది కాదు సార్ పక్క మంచపోనిది" అన్నడు. మూడు వారాలు రాత్రి సూది ఒక్కటి పెట్టించి, బరువు 73కి దించి, మళ్ల తీసేసిన. ఈ దసరాకు ఊరికొచ్చినప్పుడు చూసినం, పొద్దున షుగర్ 112.

ఆ రోజు తల్లి గూడ వచ్చింది. కొత్త సంబంధం చూస్తున్నరట, వాళ్లకు ఏం చెప్పాలె సారూ అన్నది. షుగర్ ఉంది, గోలీ వాడుతడు, అవసరం పడితే కొన్ని రోజులు సూది ఉంటది, దాయొద్దు అని చెప్పిన. పిలగాడు టేబుల్ మీదున్న ఫైల్ తన దిక్కు తిప్పుకొని అట్ట మీద ఎర్ర రాత చూపించిండు, ఇదింక ఎందుకు సార్ అని. పెన్నిచ్చిన, ఆయనే కొట్టేసిండు.